సేవ అందరి వంతు, వెట్టి ఎవరి వంతూ కాదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



"పిల్లలందరితో రెండేళ్లు తప్పనిసరిగా దేశసేవ చేయిస్తే బాగుపడతారు" అని కొందరు అంటుంటారు. దక్షిణ కొరియాలో మగపిల్లలకు సైన్యం తప్పనిసరి. నార్వేలో 2015 నుంచి ఆ చట్టం ఆడపిల్లలకూ వర్తిస్తోంది. మన దేశంలో అట్లాంటి చట్టం లేదు. ఇక్కడ ఇష్టమున్నవాళ్లే సైన్యంలో చేరతారు.

మరి మన రాజ్యాంగం ఏమంటుంది? 23వ అధికరణం రెండు మాటలు చెప్పింది. ఒకటి, వెట్టిచాకిరీ నిషేధం, చేయిస్తే నేరం. గడీలల్ల వెట్టి చేసిన ముసలోళ్ల కష్టం విన్న మనకు ఆ మాట విలువ తెలుసు. రెండోది, ప్రజల అవసరం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ చేయించవచ్చు. కానీ మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదు. ఆ వరుసలో ఆడ, మగ అన్న మాట లేదు. అయితే ప్రభుత్వం ఆడ, మగ తేడా చూపొద్దని 15వ అధికరణం చెబుతోంది.

ఇదంతా మనకెందుకంటారా? ర్యాలీ అన్నా, సర్వే అన్నా, మొక్కలు నాటుడన్నా ముందు పిలుపు సంఘం వాళ్లకే. ఆ రోజు కూలి పోతుంది. "రాకపోతే లోన్ రాదు" అన్న మాట కూడా కొన్ని ఊళ్లల్ల వినబడుతోంది. సేవకు మనం వెనకాడం. కానీ ఊరందరి పని పేద ఆడవాళ్ల మీదనే పడితే అది సేవ ఎట్లయితది? ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, పేదరికం వల్ల గతిలేక కనీస కూలి కన్నా తక్కువకు చేసినా అది బలవంతపు చాకిరీయే.

అట్లని బాధ్యత లేదనుకోవద్దు. 1976లో రాజ్యాంగంలో 10 ప్రాథమిక విధులు చేర్చారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను చదివించాలన్న 11వ విధి 2002లో వచ్చింది. ఇవి ప్రతి పౌరుడివి, ఒక్క సంఘం మహిళలవే కావు.

కాబట్టి ఈసారి పిలుపు వస్తే అడుగుదాం. ఏం పని? ఎంతసేపు? కూలి ఉందా? మగవాళ్లు ఎంతమంది వస్తున్నారు? జవాబు తీర్మానం పుస్తకంలో రాద్దాం. లోన్‌కూ ర్యాలీకీ ముడిపెడితే ఒప్పుకోవద్దు. గ్రామసభకు అందరం పోయి, ఊరి పనిని ఇంటింటికీ వంతు వేయమని అడుగుదాం. అట్లా అడగడం కూడా పౌర బాధ్యతే.