మతిమరుపు వెనక దిగులు



మానసిక వైద్యులు, మనస్తత్వ శాస్త్రం చెప్పే అధ్యాపకులు, భాషా పరిశోధకులు ఒకే వేదిక మీద కలవడం అరుదు. నాకు ఈ అధ్యక్ష స్థానం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. మీ అందరికీ పనికొచ్చే ఒక్క సంగతే చెబుతాను. మన పల్లెల్లో పెద్దవాళ్ల మతిమరుపును వయసు ఖాతాలోనో, చదువులేనితనం ఖాతాలోనో వేసేస్తున్నాం. దాని వెనక ఉన్న కుంగుబాటును అడిగే నాథుడు లేడు.

జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షనే చూడండి. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన ‘మినీ మెంటల్ స్టేట్’ పరీక్ష ప్రపంచమంతా పాకింది. నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ పోవాలి. ఒక ఇంగ్లీషు మాటను చివరినుంచి అక్షరాలు చెప్పాలి. ఒక వాక్యం రాయాలి. బడి మొహం చూడని నాట్ల కూలీని కూర్చోబెట్టి ఇవన్నీ అడిగితే ఏమవుతుంది? ముఠాలో ఎవరికెంత కూలి రావాలో, ఎవరి దగ్గర ఎంత బాకీయో నోటిలెక్కతో చెప్పే మనిషికి మార్కులు రాలవు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ బృందం ఈ పరీక్షను చదువురానివాళ్ల కోసం మార్చింది. అక్షరాల బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నారు. 1995లో ఆ హిందీ పరీక్ష వెలువడింది. ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పూనికతో తెలుగులోనూ పరీక్షలు తయారయ్యాయి. సంతోషం.

అయినా పని సగమే అయింది; కుంగుబాటు సంగతి మిగిలే ఉంది. కుంగుబాటు ఏకాగ్రతను తినేస్తుంది, ఆలోచనను మందగింపజేస్తుంది. విన్నది మనసుకు ఎక్కనప్పుడు తర్వాత గుర్తెలా వస్తుంది? అనుభవమున్న వైద్యులు జవాబు చెప్పే తీరును గమనిస్తారు. జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే డిమెన్షియా మొదలైన మనిషి చాలాసార్లు ఏదో ఒకటి చెప్పి సర్దుకోజూస్తాడు. దిగులులో కూరుకుపోయిన మనిషి, “ఏమో బాబూ, నాకేం తెలీదు” అని మొదటి ప్రశ్నకే చేతులెత్తేస్తాడు. ఇది కొండగుర్తు మాత్రమే, రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. కానీ మార్కుల కాగితం మీద ఇద్దరూ ఒకటే. ఈ రెండు జబ్బుల్లో కుంగుబాటుకు మంచి వైద్యం ఉంది. దాన్ని అడగకుండా “ముసలితనంలే” అని ఇంటికి పంపేయడం ఘోరమైన అన్యాయమని నేను నమ్ముతున్నాను.

కుంగుబాటును వదిలేస్తే తర్వాతి నష్టమూ ఉంది. డిమెన్షియాకు దారితీసే, మనం తగ్గించగల 12 కారణాలను 2020లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ లెక్కగట్టింది. వాటిలో కుంగుబాటూ ఉంది, చదువు కొరతా ఉంది. పేద దేశాల్లో ఈ రెండూ తరచు ఒకే గడప లోపల ఉంటాయి. పైగా డబ్బు ఇబ్బంది ఒక్కటే ఆలోచనను ఎంత కట్టిపడేస్తుందో 2013లో తమిళనాడు చెరకు రైతుల అధ్యయనం చూపింది. ఆ రైతులే పంట డబ్బు చేతికొచ్చాక చేసినంత బాగా కోతకు ముందు పరీక్ష చేయలేకపోయారు.

2017-18లో వృద్ధాప్యం మీద జరిగిన ‘లాసి’ సర్వే దేశంలో 45 ఏళ్లు నిండినవాళ్లనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేలమందికి పైగా మనుషుల్ని కలిసింది. అరవై దాటినవారిలో నూటికి ఎనిమిది మందికి పైగా తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. వైద్యుడు ఆ జబ్బును గుర్తించి చెప్పినవారు మాత్రం నూటికి ఒక్కరు కూడా లేరు. చుట్టూ వైద్యులు లేరన్నది నిజమే. అయినా దారి ఉంది: పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మనసు బాధ గురించి అడిగారు, అవసరమైనవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. అడిగేవాళ్లుంటే జనం చెప్పుకుంటారు.

లాసి సమాచారంలో మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ల జ్ఞాపకశక్తి మార్కులూ, కుంగుబాటు ప్రశ్నల జవాబులూ పక్కపక్కనే ఉన్నాయి. యువ పరిశోధకులు వాటిని కలిపి చదవాలి. ఇకమీదట ఈ సదస్సుకు వచ్చే ఏ పత్రంలోనైనా జ్ఞాపకశక్తి అంకె వేస్తే, దాని పక్కన ఆ మనుషులు ఎన్నేళ్లు చదివారో, వాళ్ల కుంగుబాటు స్కోరు ఎంతో కూడా వేయాలని ప్రతిపాదిస్తున్నాను. మధ్యాహ్నం చర్చలో దీన్నే మొదట తీసుకోండి.