ఎండాకాలానికో గజదొంగ

మధ్యాహ్నం వడగాడ్పుకు తలుపులు బిగించుకుని కూర్చునే రోజులివి. చేతిలోకి అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' తీసుకోండి.

కాకతీయుల కాలం. పెళ్ళి పందిరి, ముహూర్తం దగ్గరపడింది. గుర్రాల డెక్కల చప్పుడు! గన్నారెడ్డి ముఠా వచ్చిపడింది. ఎత్తుకుపోయింది నగల్ని కాదు, పెళ్ళికూతుర్నీ కాదు, పెళ్ళికొడుకుని! ఎందుకని? అది నేను చెప్పను. పీటలమీద మిగిలిపోయిన అన్నాంబిక తర్వాత ఏం చేసిందో మాత్రం తప్పక చదవండి. నాకు గన్నారెడ్డి కన్నా ఆవిడే ఎక్కువ నచ్చింది.

ఒకవైపు ఆడపిల్ల రాజ్యమేలడమా అని ఎదురుతిరిగే సామంతులు, మరోవైపు కాకతీయ రాణి రుద్రమదేవి. ఆమె కల్పిత పాత్ర కాదు; ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో దొరికింది. గన్నారెడ్డీ కల్పితుడు కాడు. రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డి వంశంవాడు. రాయచూరు కోటగోడలో 40 అడుగులకు పైబడిన రాయి ఒకటుంది. దానిమీది 1294 నాటి తెలుగు శాసనంలో ఆయన పేరుంది. అంత రాతిని బండిమీద లాక్కొచ్చిన దృశ్యం కూడా పక్కనే చెక్కారు.

బాపిరాజు గారు చిత్రకారులు కూడా. అందుకే నగలు, చీరలు, కోటగుమ్మాలు వచ్చినప్పుడు కలం ఓ పట్టాన కదలదు. అక్కడ కాస్త ఓపిక పట్టండి, గుర్రాలు మళ్ళీ వస్తాయి. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా చూసి, కథ తెలుసులే అనుకోకండి. నవలలో గన్నారెడ్డి వేరు.