నల్లసముద్రం నుంచి నల్లరేగడి దాకా

(కొండాపురం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రపంచానికి కష్టమొచ్చినప్పుడు దేశాలు ఎట్లా కలిసి నడవాలో మాట్లాడమని నాకు అప్పజెప్పినారు. నేను పది దాకా చదువుకున్నోణ్ణి. ఐక్యరాజ్యసమితి కంటే డీఏపీ మూట గురించే నాకు ఎక్కువ తెలుసు. అందుకని మూట దగ్గర్నుంచే మొదలుపెడతా.

మన నల్లరేగడిలో బుడ్డశనగ విత్తేది అక్టోబరు, నవంబరులో. పదును ఆరితే అదను పోయినట్టే. 2021 అక్టోబరులో చైనా ఎరువుల ఎగుమతికి అడ్డం పెట్టింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. మనం చల్లే పొటాష్ అంతా బయటి దేశాలదే. డీఏపీలోనూ సగానికి పైగా దిగుమతే. పొటాష్ మూట 1,700 రూపాయలకు ఎక్కింది. డీఏపీకి కేంద్రం మూటకు 2,501 రూపాయల సబ్సిడీ ఇచ్చి ధరను 1,350 దగ్గర నిలిపింది. ధర నిలిస్తే చాలదు, సరుకు అదనుకు రావాల. ఆ ఏడు నేను మూడు దినాలు అంగడి చుట్టూ తిరిగితే రెండు మూటలు దొరికినాయి. అవీ నాకు అక్కరలేని సీసా మందు కొంటేనే ఇచ్చినారు.

కష్టకాలంలో ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఆపింది. మే 13న మన దేశం గోధుమలు ఆపింది. 2023 జూలై 20న తెల్లబియ్యం ఆపింది. నష్టపోయిందెవరు? అక్కడ కొనుక్కుని తినే పేదోడు, ఇక్కడ ధర వచ్చిన పూట అమ్ముకోలేని రైతు.

మరి కలిసి నడవడం కుదరని పనా? 2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యన ఉండి ఒప్పందం చేయించినాయి. యుద్ధం ఆగలేదు గానీ, ఉక్రెయిన్ రేవుల నుంచి ఓడలు కదిలినాయి. ఏడాదిలో 3 కోట్ల టన్నులకు పైగా తిండిగింజలు, నూనె బయటికొచ్చినాయి. 2023 జూలైలో రష్యా తప్పుకోవడంతో అదీ ఆగిపోయింది.

ఇంకా దగ్గరి సంగతి చెప్తా. మనం విత్తే జేజీ-11 శనగ యాడిది? పటాన్‌చెరు ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసి 1999లో విడుదల చేసినాయి. ఎన్నో దేశాల గింజలు ఇక్రిశాట్ విత్తన నిధిలో ఉన్నాయి. తొందరగా కోతకొచ్చి, ఎండు తెగులును తట్టుకునే ఈ రకం మన చేలల్లో పాత అన్నిగేరి స్థానం తీసుకుంది. దేశాల సహకారమంటే నాకు తెలిసింది ఇదీ.

అయితే సహకారం పేరుతో మన గొంతు కోయకూడదు. 2023 డిసెంబరులో, మన శనగ కోతకు ముందర, పసుపు బఠాణీకి సుంకం ఎత్తేసినారు. 2024 మేలో శనగకూ ఎత్తేసినారు. పట్నంలో పప్పు ధర తగ్గాల, నిజమే. దాని భారమంతా రైతు మీదేనా?

అందుకే మూడు అడుగుదాం. ఎరువుల నిల్వ విత్తుకు ముందే మండలానికి చేరాల. సుంకం తగ్గించేది పంట అమ్ముడుపోయినాక ఆలోచించాల, మద్దతు ధరకు కొనుగోలు కేంద్రం కోతలకే తెరవాల. విత్తనం ఏ కంపెనీ గుత్తసొత్తూ కాకుండా దేశాల మధ్య పంచుకోవాల.

మన వంతూ ఉంది. భూసార పరీక్ష చేయించకుండా మూటలు కుమ్మరించొద్దు. శనగ వేరు తన నత్రజనిలో చాలా భాగం తానే తెచ్చుకుంటుంది. చేను తానే ఇచ్చేదానికి మనం ఓడ కోసం ఎదురుచూడడమెందుకు?

ఈ మూడు కోరికలతో అర్జీ రాసినాం. పోయేముందు అందరూ సంతకాలు చేయండి. సెలవు.