కారులో కంపారేటర్: ఎర్త్ దగ్గర మొదలైన చరిత్ర

ఎవరి స్మృతిలో ఇవాళ ఇక్కడ చేరామో ఆ మాస్టారు మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పింది ఈ విశాఖలోనే. ఏ సర్క్యూటైనా ముందు బ్యాటరీ దగ్గర నుంచి చదవమనేవారు. ఈ ఉపన్యాసమూ ఆ పద్ధతిలోనే సాగుతుంది.

రెండు ఓల్టేజీల్లో ఏది ఎక్కువో తేల్చేది కంపారేటర్ అని మీకు చెప్పక్కర్లేదు. 1934లో ఒట్టో ష్మిట్ వాల్వులతో కట్టిన ట్రిగ్గర్, 1965లో ఫెయిర్‌చైల్డ్‌లో బాబ్ విడ్లర్ రూపొందించిన 710 చిప్, ఇవన్నీ తెలిసినవే. దాటేస్తున్నాను. నేను ఆగాలనుకున్నది 1972 దగ్గర.

710కి ప్లస్ 12 ఓల్టులూ కావాలి, మైనస్ 6 ఓల్టులూ కావాలి. కారులో ఉన్నది ఒకే బ్యాటరీ, దాని మైనస్ బాడీకి కలిపేసి ఉంటుంది, ఆ బాడీయే ఎర్త్. ఇంక మైనస్ 6 ఎక్కడి నుంచి తెస్తాం? 1972 డిసెంబరులో ఐఈఈఈ పత్రికలో నేషనల్ సెమీకండక్టర్‌కు చెందిన రసెల్, ఫ్రెడరిక్సెన్ రాసిన వ్యాసం శీర్షికలోనే ‘ఆటోమోటివ్’ అన్న మాట ముందు కనబడుతుంది. ఆ కాలపు ఎల్ఎం 339 చిప్‌లో నాలుగు కంపారేటర్లు. ఇన్‌పుట్ దగ్గర పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు పెట్టడంతో ఎర్త్ స్థాయి సిగ్నల్‌ను కూడా అది చదవగలదు. 2 ఓల్టుల నుంచి 36 దాకా పని చేస్తుంది. చలికాలం పొద్దున సెల్ఫ్ కొట్టగానే బ్యాటరీ ఆరేడు ఓల్టులకు పడిపోయినా ఈ చిప్ తీర్పు మారదు.

ఇక్కడ నాకు పాత తగవొకటి ఉంది. కంపారేటర్ చరిత్రను వేగంతోనే కొలిచేవాళ్లు 339ని వెనకడుగంటారు. 710 జాప్యం 40 నానోసెకన్లు, 339ది 1.3 మైక్రోసెకన్లు, ముప్ఫై రెట్లకు పైనే. నిజమే. కానీ నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 1.3 మైక్రోసెకన్లలో అది డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా తిరగదు. రేడియేటర్ నీళ్లు వేడెక్కడానికైతే నిమిషాలు పడతాయి. అక్కడ నానోసెకన్లు ఎవరికి కావాలి? అరకు ఘాట్ మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఊగుతుంటే రిజర్వు దీపం మిణుకుమిణుకుమనకూడదు. దానికి కావలసింది అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు వెనక్కి కలిపే ఒక రెసిస్టర్, దాని తోడు ఒక కెపాసిటర్. వేగాన్ని కావాలనే తగ్గించే అమరిక అది. వేగమే గీటురాయి అనేవాళ్లు కారు బానెట్ ఎత్తి చూడలేదనే నా గట్టి నమ్మకం. ఆప్‌ఆంప్‌తోనే సరిపెట్టొచ్చనే వాదన ఇంకొకటుంది. లోపలి కెపాసిటర్ భారం వల్ల అది ఒక కొసకు అంటుకుంటే తేరుకోవడానికి ఆలస్యమవుతుంది. ఆ తగవు మరోసారి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, మిగతాది త్వరగా చెబుతాను. మైనస్ 40 డిగ్రీల చలికీ తట్టుకునేలా 339కి తోబుట్టువుగా 2901 వచ్చింది. బ్యాటరీ టెర్మినల్ ఊడితే ఆల్టర్నేటర్ వదిలే ఓల్టేజీ 36 దాటిపోతుంది కాబట్టి ముందు జీనర్ తప్పదు. 1994లో కార్లలో వాడే చిప్‌లకు ఏఈసీ క్యూ100 పరీక్షలొచ్చాయి. తర్వాత కంపారేటర్ చాలాచోట్ల మైక్రోకంట్రోలర్ లోపలికే వెళ్లిపోయింది. 2019లో పెనుకొండలో కియా కార్లు మొదలయ్యే నాటికి కథ అంతవరకూ వచ్చేసింది. విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో సెల్ ఓల్టేజీ హద్దు దాటిందా లేదా అని కాపలా కాసేదీ కంపారేటరే. విడి చిప్‌గా దొరికే 2901కి నేటికీ అవే 14 కాళ్లు, మూడోది ప్లస్, పన్నెండోది ఎర్త్.