లింకు తెగితే ఎవరి మాట వినాలి?

(డ్రోన్లు, ఎలక్ట్రానిక్ యుద్ధం: సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను సైనికుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. యుద్ధం గురించి మాట్లాడడానికి నీకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఇవాళ యుద్ధభూమిలో వినిపించే మాటలు చూడండి: రేడియో లింకు, ప్యాకెట్లు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్, కెమెరా బొమ్మను గుర్తుపట్టే ప్రోగ్రాము. ఇవన్నీ మనం రోజూ ఆఫీసులో మాట్లాడుకునే మాటలే. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి పైగా ఈ వృత్తిలోనే ఉన్నారు కాబట్టి ఈ విషయం మనకు దూరమైనది కాదు.

ముందుగా, మారింది ఏమిటో చూద్దాం.

డ్రోన్లు కొత్తవి కావు. అమెరికా సైన్యం వాటిని దశాబ్దాలుగా వాడుతోంది. కాని అవి విమానమంత ఖరీదైనవి, పెద్ద దేశాలకే అందేవి. 2020లో నగోర్నో-కరబాఖ్ కోసం అజర్‌బైజాన్, ఆర్మీనియా 44 రోజులు యుద్ధం చేశాయి. అజర్‌బైజాన్ దగ్గర టర్కీ నుంచి కొన్న బైరక్తార్ డ్రోన్లు, ఇజ్రాయెల్ నుంచి కొన్న హారోప్‌లు ఉన్నాయి. హారోప్ గాలిలో తిరుగుతూ, లక్ష్యం కనబడగానే తానే వెళ్ళి దాని మీద పడి పేలిపోతుంది. ఇవి కాక, పాతకాలపు ఏఎన్-2 విమానాలను పైలట్ లేకుండా ఎగిరేలా మార్చి ఎరగా పంపారు. ఆర్మీనియా వాళ్ళు వాటిని కూల్చడానికి రాడార్లు వెలిగించగానే అవి ఎక్కడున్నాయో బయటపడింది. ఒక చిన్న దేశం పరిమితమైన డబ్బుతో ఎదుటివాళ్ళ ట్యాంకులను, ఫిరంగులను వరసగా ధ్వంసం చెయ్యగలదని ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దండయాత్ర మొదలుపెట్టాక ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. మొదట్లో పెద్ద డ్రోన్ల పేర్లే వినబడ్డాయి. తరవాత రంగంలోకి దిగింది మన పిల్లలు పార్కులో ఎగరేసే రకం. దాన్ని ఎఫ్‌పీవీ అంటారు. నాలుగు పంకాలు, ఒక కెమెరా, నడిపేవాడి కళ్ళకు ఒక గాగుల్స్. డ్రోన్ ఏం చూస్తే అతనూ అదే చూస్తాడు. దాని కింద ఒకటి రెండు కిలోల పేలుడు పదార్థం కట్టి పంపుతారు. ధర సుమారు 400, 500 డాలర్లు. లక్షల డాలర్ల ట్యాంకు దాని దెబ్బకు ఆగిపోతుంది. అమెరికా ఉక్రెయిన్‌కి 31 ఏబ్రమ్స్ ట్యాంకులు ఇచ్చింది. డ్రోన్లకు దొరికిపోతున్నాయని 2024 ఏప్రిల్ నాటికి వాటిని ముందు వరస నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

వీటిలో చాలావాటిని నడిపే బీటాఫ్లైట్, ఆర్డుపైలట్ వంటి సాఫ్ట్‌వేర్‌ను ఏ ఆయుధాల కంపెనీ రాయలేదు. అభిరుచి ఉన్నవాళ్ళు సెలవు రోజుల్లో రాసి ఉచితంగా పెట్టిన ఓపెన్ సోర్స్ అది. ఇరువైపులా అదే వాడుతున్నారు.

దీనివల్ల పదాతి సైనికుడి బతుకు ఎలా మారిందో ఊహించండి. ముందు వరసకు అటూ ఇటూ పది, పదిహేను కిలోమీటర్ల మేర ఆకాశంలో ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. ట్యాంకులు ఒకచోట గుమిగూడలేవు. గాయపడ్డవాణ్ణి తీసుకురావడానికి పగటి పూట బండి వెళ్ళలేదు. అందుకే చక్రాల మీద నడిచే రోబోలను పంపుతున్నారు. కిలోమీటర్ల కొద్దీ రోడ్ల మీద పందిరి వేసినట్టు వలలు కడుతున్నారు. లండన్‌లోని రూసీ అనే రక్షణ పరిశోధన సంస్థ 2025 ఫిబ్రవరిలో వేసిన అంచనా ప్రకారం, దెబ్బతిన్న రష్యన్ యుద్ధ సామగ్రిలో 60 నుంచి 70 శాతం ఈ చిన్న డ్రోన్ల పనే.

కాని ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. ఉక్రెయిన్ పంపే ఎఫ్‌పీవీలలో 60 నుంచి 80 శాతం లక్ష్యాన్ని చేరడం లేదు. ఎందుకు? అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

డ్రోన్‌కి ప్రాణం దాని రేడియో లింకు. దాన్ని కొట్టాలంటే తుపాకీ అక్కర్లేదు, అదే ఫ్రీక్వెన్సీలో గట్టిగా రొద చేస్తే చాలు. పెళ్ళిలో బ్యాండు మేళం పక్కన నిలబడి ఫోను మాట్లాడడం లాంటిది. అవతలివాడు మాట్లాడుతూనే ఉంటాడు, మీకు వినబడదు. దీన్నే జామింగ్ అంటారు. ఇది రేడియోతో పాటే పుట్టింది. 1904లో రష్యా-జపాన్ యుద్ధంలో జపాన్ ఓడలు పోర్ట్ ఆర్థర్ మీద ఫిరంగులు కాలుస్తూ, గురి సరిచూసుకోవడానికి వైర్‌లెస్ వాడాయి. రష్యన్ ఆపరేటర్లు ఆ సందేశాలకు అడ్డుగా తమ ట్రాన్స్‌మిటర్లు మోగించారు. రష్యాలో ఎలక్ట్రానిక్ యుద్ధ నిపుణులు ఆ ఏప్రిల్ 15ను ఇప్పటికీ తమ దినంగా జరుపుకుంటారు.

కాలేజీలో చదివిన విలోమ వర్గ సూత్రం గుర్తుందా? దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం నాలుగో వంతుకి పడిపోతుంది. డ్రోన్ నడిపేవాడు ఎన్నో కిలోమీటర్ల అవతల ఏ నేలమాళిగలోనో ఉంటాడు. జామర్ ట్యాంకు మీదే ఉంటుంది. డ్రోన్ లక్ష్యానికి దగ్గరయ్యే కొద్దీ యజమాని గొంతు సన్నబడుతుంది, శత్రువు రొద పెరుగుతుంది. కిందికి దిగే కొద్దీ చెట్లు, మిట్టలు అడ్డం వస్తాయి. అంటే సరిగ్గా ఆఖరి క్షణాల్లో, ఎవరిని కొట్టాలో చూసుకోవలసిన సమయంలోనే, తెర మీద బొమ్మ చెదిరిపోతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

జీపీఎస్ పరిస్థితీ అంతే. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మనకు చేరే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని ముంచెయ్యడం సులభం, దొంగ సిగ్నల్ పంపి దారి తప్పించడమూ కష్టం కాదు. అమెరికా ఇచ్చిన ఎక్స్‌కాలిబర్ అనే ఫిరంగి గుండు జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి గురి తప్పకుండా పడుతుందని పేరు. రష్యా జామింగ్ వల్ల కొన్ని నెలల్లోనే దాని గురి బాగా దెబ్బతింది. 2023 మే నెలలో రూసీ వేసిన లెక్క ప్రకారం, ముందు వరసలో ప్రతి పది కిలోమీటర్లకు రష్యాది ఒక పెద్ద జామింగ్ వ్యవస్థ ఉండేది. ఉక్రెయిన్ అప్పట్లో నెలకు సుమారు 10,000 డ్రోన్లు పోగొట్టుకునేది.

ఎలక్ట్రానిక్ యుద్ధంలో ఇంకో పని వినడం. ఎవరు రేడియో వాడినా వాళ్ళ చోటు తెలిసిపోతుంది. 2023 జనవరి 1న మకీవ్కాలో రష్యన్ సైనికులు బస చేసిన భవనం మీద క్షిపణులు పడ్డాయి. 89 మంది చనిపోయారని, సైనికులు సెల్‌ఫోన్లు వాడడమే ప్రధాన కారణమని రష్యా రక్షణ శాఖే ప్రకటించింది.

సరే, జామింగ్ చేస్తే అవతలివాడు ఊరుకుంటాడా? మొదటి ఎత్తు, ఫ్రీక్వెన్సీ మార్చడం. సిగ్నల్‌ను ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి గెంతించే పద్ధతికి 1942లోనే హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ పేటెంటు తీసుకున్నారు. వాళ్ళు దాన్ని ఆలోచించింది టార్పెడోలను నడపడం కోసం. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఒకరు కొత్త ఫ్రీక్వెన్సీకి మారతారు, కొన్ని వారాల్లో రెండోవాళ్ళు దానికి జామర్ తెస్తారు. మన దగ్గర రెండు వారాల స్ప్రింట్ ఉంటుంది చూడండి, అక్కడా దాదాపు అదే వేగం. ఇక్కడ డెడ్‌లైన్ తప్పితే మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. అక్కడ తప్పితే మనిషి పోతాడు.

రెండో ఎత్తు, రేడియోనే మానెయ్యడం. సంక్రాంతి గాలిపటానికి దారం కట్టినట్టు డ్రోన్‌కి సన్నటి ఆప్టికల్ ఫైబర్ కడతారు. పది, ఇరవై కిలోమీటర్ల చుట్ట. ఎగిరే కొద్దీ అది విప్పుకుంటూ పోతుంది. దీన్ని జామ్ చెయ్యడం కుదరదు. 2024లో రష్యా వీటిని పెద్ద ఎత్తున వాడకంలోకి తెచ్చింది. కుర్స్క్ ప్రాంతంలో ఉక్రెయిన్ సేనలకు సరఫరా వెళ్ళే దారిని ఇవి బాగా దెబ్బ తీశాయి. ఇప్పుడు అక్కడ పొలాల మీద సాలెగూడులా ఫైబర్ దారాలు పరుచుకుని ఉన్నాయి. కాని ఫైబర్‌కి బరువుంది, చెట్లకు చుట్టుకుంటుంది, దూరానికి హద్దుంది.

మూడో ఎత్తు గురించి చెప్పడానికే ఇవాళ నేను వచ్చింది. లింకు తెగినా పని ఆగకూడదంటే మిగిలిన దారి ఒక్కటే. నిర్ణయాన్ని డ్రోన్‌లోనే పెట్టడం. నడిపేవాడు దూరం నుంచే లక్ష్యాన్ని తెర మీద చూపిస్తాడు. ఆ తరవాత సిగ్నల్ పోయినా, డ్రోన్ ఆ బొమ్మను పట్టుకుని తానే వెళ్తుంది. ఇది ఇప్పటికే యుద్ధంలో ఉంది. తరవాతి మెట్టు, లక్ష్యాన్ని కూడా అదే వెతుక్కోవడం.

యంత్రాలకు చంపే అధికారం ఇవ్వాలని ఏ దుర్మార్గుడో కుట్ర పన్నుతున్నాడని మనం అనుకుంటాం. అక్కడ జరుగుతున్నది అది కాదు. ఇంజనీరు ముందు ఒక బగ్ ఉంది: లింకు తెగుతోంది. దాన్ని అతను సరిదిద్దుతున్నాడు, అంతే. మనలో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ ఈ ఘట్టం తెలుసు. అవతలి నుంచి జవాబు రాలేదు, టైమ్‌అవుట్ అయింది, ఇప్పుడేం చెయ్యాలి? ఫొటోలు తీసే డ్రోన్ అయితే ఇంటికి తిరిగి వస్తుంది. ఆయుధమైతే? తిరిగి రావాలా, దిగిపోవాలా, ముందుకే పోయి కొట్టాలా? ఒక మనిషి ప్రాణం ఆ ఒక్క 'ఎల్స్' వాక్యంలో ఉంది. దాన్ని రాసేది సేనాధిపతి కాదు, మనలాంటి ఉద్యోగి.

మనకు దశరథుడి కథ తెలుసు. ఆయనది శబ్దభేది విద్య. చీకట్లో చప్పుడు విన్నాడు, బాణం వేశాడు. విన్నది నిజమే, గురీ తప్పలేదు. కాని అది ఏనుగు నీళ్ళు తాగుతున్న చప్పుడు కాదు, కన్నవాళ్ళ కోసం ఒక కుర్రవాడు కుండ ముంచుతున్న చప్పుడు. గురి ఎంత బాగున్నా గుర్తింపు తప్పితే ఏమవుతుందో మన అమ్మమ్మలు మనకు చిన్నప్పుడే చెప్పారు. అయినా అక్కడ తప్పు ఒప్పుకోవడానికి, శాపం పడడానికి ఒక దశరథుడున్నాడు. ప్రోగ్రాము ఎవరి దగ్గరికి వెళ్ళి ఒప్పుకుంటుంది?

మనిషి చేతిలో ఉంటే అంతా ధర్మమే జరుగుతుందని నేను అనడం లేదు. ఖేర్సన్ నగరం పరిసరాల్లో రష్యన్ డ్రోన్లు సైకిళ్ళ మీద, నడిచి వెళ్ళే మామూలు జనాన్ని తరిమి కొట్టాయి. దాదాపు 150 మంది చనిపోయారు. ఐక్యరాజ్య సమితి విచారణ కమిషన్ 2025 మే నెలలో దీన్ని మానవాళిపై నేరంగా తేల్చింది. అక్కడ నడిపినవాళ్ళకు తెర మీద అంతా కనబడుతూనే ఉంది. చూసి చేశారు కాబట్టే దాన్ని నేరం అనగలిగారు. చూసిన మనిషే లేకపోతే రేపు ఎవరిని బోనులో నిలబెడతారు?

ఇదంతా ఎక్కడో ఐరోపా గొడవ అనుకోకండి. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని భారత్ ప్రకటించింది. మన గగనతల రక్షణ ఎక్కడెక్కడ ఉందో కనిపెట్టడం కూడా దాని ఉద్దేశం కావచ్చని అధికారులు చెప్పారు. కరబాఖ్ ఎర విమానాల కథ గుర్తొస్తుంది కదూ! వాటిలో చాలావాటిని తుపాకులతోనూ జామింగ్‌తోనూ కూల్చారు. జామింగ్‌కి లొంగని డ్రోన్లు వస్తే నేరుగా కాల్చి పడెయ్యాలి కాబట్టి లేజర్ల మీద పని సాగుతోంది. 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీఓ అలాంటి 30 కిలోవాట్ల లేజర్‌ను మన కర్నూలు పరీక్షా కేంద్రంలో ప్రయోగించి డ్రోన్లను కూల్చింది. ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల మీద పని చేసే డీఎల్‌ఆర్‌ఎల్ దశాబ్దాలుగా హైదరాబాదులోనే ఉంది. మన కాలేజీల్లో చదివిన పిల్లలు ఎందరో ఈ రంగంలోకి వెళ్తున్నారు, వెళ్తారు.

ప్రభుత్వాలు ఏమంటున్నాయి? అమెరికా రక్షణ శాఖ నియమావళి 2012 నుంచీ 'తగిన స్థాయిలో మానవ విచక్షణ' ఉండాలంటోంది. తగిన స్థాయి అంటే ఎంతన్నది ఆ మాటలో లేదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో ఈ ఆయుధాల మీద తీర్మానం వస్తే 152 దేశాలు సరేనన్నాయి, నాలుగు కాదన్నాయి. ఆ నాలుగింటిలో రష్యాతో పాటు భారతదేశమూ ఉంది. ఈ చర్చ జెనీవాలోని పాత వేదికలోనే జరగాలన్నది భారత్ వాదన. సరిహద్దులో రెండు వైపులా ముప్పు ఉన్న దేశం తన చేతులు కట్టేసుకోనంటే అర్థం చేసుకోగలను. కాని నిబంధన ఎంత ఆలస్యమైతే అలవాటు అంత గట్టిపడుతుంది.

దేశాన్ని కాపాడే పనిని ఎవరూ మానెయ్యమని నేను చెప్పను. దాడికి గురైనవాడికి ఆయుధం కావాలి. నేను అడిగేది ఇంతే. ఇలాంటి పని మీ చేతికి వచ్చినా, మీ పిల్లల చేతికి వచ్చినా, డిజైన్ సమావేశంలో మూడు ప్రశ్నలు వెయ్యండి. లింకు తెగితే ఇది ఏం చేస్తుంది? పంపాక వెనక్కి పిలవగలమా? ఎవరు, ఏం చూసి, ఎప్పుడు నిర్ణయించారో రికార్డు మిగులుతుందా? అశ్వత్థామకు అస్త్రం వెయ్యడం తెలుసు, ఉపసంహరించడం తెలియదు. అది తెలిసిన అర్జునుణ్ణే మనం వీరుడన్నాం.

ఈ ప్రశ్నలు వెయ్యడానికి మంత్రి కానక్కర్లేదు, కోడ్ రివ్యూలో కూర్చునే చోటు ఉంటే చాలు. అది మనలో చాలామందికి ఉంది.