గాజునార పగులు



గాజుతో కారు చేయుదురన్న నమ్మశక్యము కాకపోవచ్చును. గాజు పగులునే గాని వంగదు గదా! కాని దానిని వెండ్రుకకంటె సన్నని పోగులుగా లాగినచో చాపవలె పరచుటకు వీలగును. ఆ చాపను రెసిను అను చిక్కని ద్రవముతో తడిపిన, అది బిగిసి ఇనుపరేకునకు బదులు నిలుచును. 1953లో అమెరికాయందు వెలువడిన కార్వెట్టు కార్ల దేహము లిట్టివే. ఆ యేడు చేసినవి 300 మాత్రమే. మన దేశమున 1982లో బెంగళూరునుండి వచ్చిన డాల్ఫిను కారును ఇట్టిదే. నేడు జీపుల పైకప్పులు, తీరమున చేపల పడవలు దీనితో చేయుచున్నారు గనుక, కారులేని వారికిని ఈ ప్రసంగము పనికివచ్చును.

మా యింట పాత డాల్ఫిను ఒకటి కలదు. ముందు బంపరు బోల్టు మొదలుకొని దాని దేహము బెత్తెడు పొడవున పగిలెను. మరమ్మతు చేయు నొకనికి చూపితిని. అతడు పగులులో లప్పము కూరి, నునుపుచేసి, రంగు వేసి పంపెను. చూపునకు చక్కగా నుండెను. రెండు నెలలు తిరుగకుండగనే అదేచోట, మరియొక అంగుళము పెరిగి, పగులు బయటపడెను. త్వరగా కావలెనని తొందరపెట్టినవాడను నేనే. అతని నొక్కనిని అని ప్రయోజనము లేదు.

గాదె సంగతి మీ రెరుగుదురు. వెదురుబద్దలు తెగినచోట పేడయు మట్టియు మెత్తినంతమాత్రమున ధాన్యము నిలుచునా? క్రొత్తబద్ద దూర్చి, ఇరువైపుల పాతబద్దలలో అల్లి, అటుపిమ్మట అలుకవలెను. గాజునారయు నంతే. బలము పోగులది, రెసిను వానిని పట్టియుంచును, లప్పము ముఖమునకు పూసిన పొడివంటిది.

రెండవమారు పని నేనే చేసితిని. మొదట కుండ కొనువారివలె రూపాయిబిళ్లతో చుట్టును తట్టి చూచితిని. గట్టిచోట ఖంగుమనును; పొరలు విడినచోట మొద్దుగా పలుకును. పైరంగు మాత్రమే చిట్లియున్న ఇంత శ్రమ అక్కరలేదు. నాది ఆరపార పగిలియుండెను. కావున పగులు చివర సన్నని రంధ్రము తొలిచితిని. లేనిచో అది ఇంకను ముందునకు పాకును. పిమ్మట పగులున కిరుప్రక్కల అంగుళమున్నర మేర, నడుమ లోతుగను అంచులకు పోనుపోను పలుచగను ఏటవాలుగా అరగదీసితిని. ఈ ఏటవాలే మరమ్మతునకు ప్రాణము; క్రొత్తచాప పాతపొరలను పట్టుకొనునది అచ్చటనే. అరగదీయునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకును చర్మమునకును చెరుపు. ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు తప్పవు.

రెసిను గట్టిపడుటకు హార్డెనరు కలుపవలెను: 100 గ్రాములకు ఒకటి, రెండు గ్రాములు. దానితోపాటు అంగళ్లలో కోబాల్టు అను ఊదారంగు ద్రవమును అమ్ముదురు. కొన్ని రెసినులలో అది ముందే కలిసియుండును, అడిగి తెలిసికొనుడు. మా మనుమడు సాయపడుచు, “తాతయ్యా, ఈ రెండు సీసాలూ ముందే ఒకదానిలో పోసి ఉంచనా?” అని మూత తీసెను. నా గుండె ఝల్లుమనెను. ఆ రెండును నేరుగా కలిసిన మంట లేచును, ప్రేలవచ్చును. కోబాల్టును మొదట రెసినులో బాగుగ కలిపి, ఆ తరువాతనే హార్డెనరు వేయవలెను. హార్డెనరు కంటిలో పడిన చూపే పోవచ్చును. వెంటనే పావుగంటకు తక్కువ కాకుండ నీళ్లతో కడిగి వైద్యునియొద్దకు పోవలెను. పిల్లలను ఆ దరికి రానీయకుడు.

మిగిలిన పని సులువు. లోపలివైపు ఒక చాపముక్కను, పైన చిన్నది మొదలు పెద్దదివరకు మూడింటిని రెసినుతో తడిపి పరచితిని. కుంచెను ఈడ్వక పొడుచుచు గాలిబుడగలను వెడలగొట్టవలెను. ఎండలో రెసిను కుంచెపైననే బిగియును గనుక ఉదయపు నీడలో, కొంచెము కొంచెముగా కలుపుకొనుట మేలు. మరునాడు నునుపుచేసి, అప్పుడు మాత్రమే పలుచగా లప్పము పూసితిని.

పగులునకు మూలము బోల్టే. దానిని మితిమీరి బిగించియుండిరి. ఈమారు రంధ్రము కొంచెము పెద్దదిచేసి, రబ్బరును వెడల్పాటి వాషరును వేసి, చేతికి బిగువు తెలియునంతవరకే త్రిప్పితిని.

రెండు వానకాలములు గడచినవి. పగులు మరల కానరాలేదు. రంగు మాత్రము పాతదానితో కలియలేదు. మా మనుమడు దానిని చూచి నేటికిని నవ్వుచుండును.