పోపు మాట ఎప్పుడు తిరుగులేనిది?

పోపు ఏం మాట్లాడినా తప్పుండదని కాథలిక్కులు నమ్ముతారనుకోవడం పొరపాటు. పోపు బోధ ఎప్పుడు తిరుగులేనిదో చెప్పే సిద్ధాంతాన్ని 1870 జులై 18న మొదటి వాటికన్ మహాసభ ప్రకటించింది. బయట ఉరుములు, మెరుపులు. లోపల ఓటింగులో 533 మంది సభ్యులు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు.

ఆ సిద్ధాంతంలోని షరతులు గట్టివి. పోపు సకల క్రైస్తవుల కాపరిగా, విశ్వాసం లేదా నీతి విషయంలో, శ్రీసభ (కాథలిక్ సంఘం) అంతా పాటించవలసిన తుది నిర్ణయం ప్రకటించాలి. అప్పుడే ఆ బోధకు తిరుగులేదు.

1870 తర్వాత పోపు అలా స్పష్టంగా ప్రకటించింది ఒక్కసారే. 1950 నవంబర్ 1న పన్నెండవ పయస్ పోపు మరియమాత మోక్షారోపణాన్ని (ఆత్మశరీరాలతో పరలోకానికి చేర్చబడటాన్ని) విశ్వాససత్యంగా నిర్ణయించారు. ఆగస్టు 15న కాథలిక్ చర్చిల్లో జరిగే పండుగ అదే.

పోపు ఇంటర్వ్యూలకు, రాజకీయ అభిప్రాయాలకు ఈ సిద్ధాంతం వర్తించదు. పోపు కూడా తన పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేస్తారు. తిరుగులేనిది ఆ బోధ, ఆ మనిషి కాదు. ఈ తేడా తెలిస్తేనే పొరుగువారి విశ్వాసం మనకు సరిగా అర్థమవుతుంది.